కుడి అడుగు కురచ

గుర్రం సంగతి పరుగులో తెలియదు, నడకలో తెలుస్తుంది. పరుగెత్తేటప్పుడు కుంటిది కూడా ఉడుకురక్తం మీద నొప్పి మర్చిపోతుంది. పరుగయ్యాక రౌతు కళ్ళెం వదులు చేసి, చెమట ఆరేదాకా నెమ్మదిగా లాయం వైపు నడిపించుకుపోతాడే, అప్పుడు చూడాలి. ముప్ఫై ఒక్క ఏళ్ళు నేను చేసింది ఆ పనే. తెల్లారకముందే షాటిన్ రేసుల మైదానం మెట్ల మీద కూర్చుని, కళ్ళకు దుర్భిణి ఆనించుకుని, కసరత్తుకు వచ్చిన గుర్రాలను చూసి రేసుల పత్రికకు రాయడం. ఒక్కో గుర్రానికి ఒక్కో ముక్క. 'ఒళ్ళు నిగనిగలాడుతోంది.' 'బద్ధకంగా ఉంది, ఇంకో వారం ఆగండి.' కాలు తేడాగా ఉంటే ఒకే మాట, 'కొట్టెయ్యండి'. అంటే మీ జాబితాలోంచి దాని పేరు కొట్టెయ్యండి అని.

రేసంటే గుర్రాల మధ్య పోటీ అనుకుంటారు జనం. కాదు. పందెం కాసేవాళ్ళ మధ్య పోటీ. అందరూ వేసిన డబ్బే ఒక గంపలో పడుతుంది, అందులోంచే గెలిచినవాళ్ళకు పంచుతారు. చదవనివాడి డబ్బు చదివినవాడి జేబులోకి పోతుంది. అందుకే నేను చదివేవాణ్ణి. ప్రతి గుర్రానికి తల్లి ఎవరు, తండ్రి ఎవరు, ఏ రోజు ఏ కాలు బరువుగా వేసింది, ఏ వానలో జారింది, అన్నీ నా నోటుపుస్తకాల్లో ఉండేవి. మంచం కింద నూటపదహారు పుస్తకాలు. నేను మాత్రం పందేనికి పది డాలర్లకు మించి ఎప్పుడూ కాయలేదు. గెలుపు మీద కన్నా, నేను చెప్పింది నిజమైందన్న దాని మీదే నాకు ఆశ ఎక్కువ. అదీ ఒక వ్యసనమే, ఒప్పుకుంటున్నాను.

ఆ ఏడాది సెప్టెంబరులో సీజను మొదలవుతుండగా మా సంపాదకుడు శ్యూ నన్ను లోపలికి పిలిచాడు. నాకన్నా ఇరవై ఏళ్ళు చిన్నవాడు.

"తోంగ్ అన్నా, కూర్చోండి. టీ తెప్పించనా?"

"టీ అంటున్నావంటే ఏదో కొంప మునిగిందన్నమాట. చెప్పు."

"మునగడం కాదన్నా... ఈ సీజను నుంచి గుర్రం జీను కింద చిన్న చిప్పు పెడుతున్నారు. ఎంత దూరం, ఎంత వేగం, సెకనులో వందో వంతుతో సహా అదే చెప్పేస్తుంది. అందరికీ ఊరికే ఇస్తారట. మరి మెట్ల మీద కూర్చోవడానికి ఒక మనిషికి జీతం ఎందుకని పైవాళ్ళు అడుగుతున్నారు."

"ఆ చిప్పుకి కాలు కనపడుతుందా?"

"నేనూ అదే అడిగా. అందుకే ఫిబ్రవరిలో వచ్చే మన కొత్త సంవత్సరం పండగ దాకా గడువిచ్చారు. ఈలోగా చిప్పుకి అందనిది ఒక్కటి మీ కన్ను పట్టుకోవాలన్నా. ఊరంతా చెప్పుకోవాలి. లేదంటే మీ చోటు ప్రకటనలకి పోతుంది."

నాకు ఒళ్ళు మండిపోయింది. ముప్ఫై ఒక్క ఏళ్ళ చూపుకి పరీక్ష పెడతారా? కానీ తిట్టిపోసి లేచి వచ్చేద్దామంటే, ఆ మెట్లు తప్ప నాకు వెళ్ళడానికి ఇంకో చోటు లేదు. టీ తాగి వచ్చేశాను.

ఇంటికొచ్చి ఈ సంగతి నా భార్య ఛోయ్-హాకి చెప్పలేదు, రాశాను. మా కాపురమంతా రాతకోతల మీదే నడిచేది. ఆమె తాయ్‌వాయ్‌లో నూడుల్స్ కొట్లో వాంటన్లు చుట్టే పనిచేసేది. మైదాపిండి రేకులో రొయ్యముద్ద పెట్టి వేలితో ఒక్క మడత వేసి పడేయడం, నిమిషానికి పదిహేను. మధ్యాహ్నం రెండింటికి ఇంట్లోంచి వెళితే రాత్రి పదకొండు దాటాక వచ్చేది. నేను ఎనిమిదికే పడుకుని నాలుగింటికి లేచి వెళ్ళిపోయేవాణ్ణి. మైదానం నుంచి ఆఫీసుకి పోయి, రాసిచ్చి, నేను ఇల్లు చేరేసరికి ఆమె ఉండేది కాదు. పిల్లలు లేరు. పంతొమ్మిదో అంతస్తులో ఒక్క గది. ఒకే మంచం మీద వంతులవారీగా పడుకునే అద్దెవాళ్ళలా ఉండేది మా బతుకు. చెప్పుకోవలసినవి గోడ క్యాలెండరులోంచి ఆ రోజు కాగితం చింపి, దాని వెనక రాసి, అన్నం కుక్కరు కింద పెట్టేవాళ్ళం.

'పండగ దాకానే ఉద్యోగం అంటున్నారు' అని రాసి పెట్టాను.

మర్నాడు జవాబు. 'పోతే పోనీ. పడుకునే వేళకి ఇంట్లో మాట్లాడే మనిషి ఉంటాడు. ముల్లంగి చారు కుండలో ఉంది.'

నాకు చెప్పలేనంత కోపం వచ్చింది. నా జీవితం కొట్టుకుపోతుంటే ఈవిడకి చారు గొడవ! ఆ కాగితాన్ని తీసి నోటుపుస్తకంలో చదువుతున్న పేజీకి గుర్తుగా పెట్టుకున్నాను. ఆమె రాసిన కాగితాలన్నీ నాకు అందుకే పనికొచ్చేవి.

ఆ శీతాకాలమంతా కాలు కాలిన పిల్లిలా తిరిగాను. మైదానంలో అందరికన్నా ముందు చేరేవాణ్ణి, అందరికన్నా వెనక లేచేవాణ్ణి. పక్కన ఇంకో పత్రికవాడు ముసలి ఖ్వోక్ కూర్చునేవాడు. డెబ్భై దాటాయి. పొద్దున్నే ప్లాస్కులోంచి టీ పోసుకుంటూ నా పుస్తకాల కట్ట చూసి నవ్వేవాడు.

"ఒరేయ్ తోంగూ, చదవేస్తే ఉన్న మతి పోయిందని, నీకేంటిరా ఈ పిచ్చి? ఇవాళ నేనెక్కిన బస్సు నంబరులో ఆఖరి అంకె ఏడు. ఏడు మీద కాస్తా. గెలిస్తే నేను తెలివైనవాణ్ణి, ఓడితే బస్సుది తప్పు."

"అందుకే పెద్దాయనా, నీ ఇల్లు ఇంకా అద్దెదే."

"నీదేమన్నా సొంతమా?" అని పకపకా నవ్వేవాడు. ఆ నాలుగు నెలల్లో నేను నోరు విప్పి మాట్లాడిన మనిషి అతనొక్కడే.

ఛోయ్-హాకి మంగళవారం సెలవు. నాకు మాత్రం బుధవారం రేసుల రాత ఉంటుంది. నవంబరులో ఒక మంగళవారం మధ్యాహ్నం బల్ల మీద పుస్తకాలు పరుచుకుని కూర్చున్నాను. ఆమె వచ్చి ఎదురుగా నిలబడింది.

"ఏవయ్యా, ఒక్కసారి ఇటు చూడు."

"చూస్తున్నా, చెప్పు," అన్నాను తల ఎత్తకుండానే.

నేను పేజీ తిప్పాను. కుక్కరు కింద పెట్టిన పొద్దుటి కాగితం గుర్తుకొచ్చి, "అవునూ, ఏంటే ఈ మధ్య నీ రాత చీమలబారులా తయారైంది? సిరా పొదుపు చేస్తున్నావా?" అన్నాను.

"నీ కళ్ళజోడు మార్పించుకో ముసలోడా," అంది.

"ఇందాక ఏదో చెప్పబోయావు?"

"ఏం లేదులే. నీ గుర్రాలు చూసుకో."

కూరలు తరుక్కోవడానికి వెళ్ళింది. కత్తి చప్పుడు ఆగి ఆగి వినిపించింది. ఆ రోజు నేను పదకొండు గుర్రాల గురించి రాశాను.

డిసెంబరులో ఒక కాగితం. 'ఇవాళ్టి నుంచి వాంటన్లు వద్దు, గల్లాపెట్టె దగ్గర కూర్చోమన్నారు.' దాని కింద నేను, 'మంచిదే, చేతులకి విశ్రాంతి' అని రాశాను. మంచిదేనట! ఇరవై ఏళ్ళు ఆ కొట్లో అందరికన్నా వేగంగా చుట్టిన మనిషిని చుట్టొద్దన్నారంటే ఎందుకన్నారని అడగాలని నాకు తోచలేదు. గుర్రం లాయం మారితేనే ఎందుకు మారిందో తెలిసేదాకా నిద్రపోనివాణ్ణి.

పండగ ఇంకో పదిహేను రోజులుందనగా నాకు కావలసింది దొరికింది.

రాగి మబ్బు అని ఎర్రటి గుర్రం. వరసగా నాలుగు రేసులు గెలిచింది. ఆదివారం పెద్ద రేసులో ఊరందరి డబ్బూ దాని మీదే. గురువారం పొద్దున చలికి వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. రాగి మబ్బు మంచును చీల్చుకుంటూ మా ముందు నుంచి దూసుకుపోయింది. ఖ్వోక్ తన ఫోనులో చిప్పు అంకెలు చూసి ఈల వేశాడు.

"ఈ సీజనుకే మంచి టైము రా! ఇంక చూడ్డానికేముంది? కళ్ళు మూసుకుని రాసెయ్, పోదాం."

"ఆగు పెద్దాయనా. నడవనీ."

రౌతు కళ్ళెం వదిలాడు. గుర్రం నడుస్తూ వెనక్కొస్తోంది. దుర్భిణి దాని ముందుకాళ్ళ మీదే ఉంచాను. కుడికాలు నేలకి తగిలినప్పుడల్లా తల ఒక వెంట్రుకవాసి కిందికి దిగుతోంది. అంటే మంచికాలి మీద బరువు మోపి, ఎడమకాలిని కాచుకుంటోంది. ఎడమ అడుగు కురచ. చాలా కొంచెం, అరచేతి వెడల్పు కూడా ఉండదు.

"ఏం కనపడిందిరా నీకు?"

"నీకేం కనపడలేదా?"

"నాకు ఎర్రగుర్రం కనపడింది," అన్నాడు ఖ్వోక్.

ఇంటికెళ్ళి మంచం కింద పుస్తకాలన్నీ లాగాను. రెండేళ్ళ కిందటి పుస్తకంలో ఉంది. ఇదే గుర్రం, ఇదే కాలు, ఇదే తల దించడం. తర్వాతి రేసులో ఆఖరుకి వచ్చి మూడు నెలలు మూలపడింది. ఇంకేం కావాలి? శుక్రవారం మళ్ళీ చూశాను. అదే నడక. 'రాగి మబ్బు: ముందు ఎడమ అడుగు కురచ. కొట్టెయ్యండి.'

శ్యూ ఫోను చేశాడు. "అన్నా, పశువైద్యులు బాగానే ఉందన్నారట. చిప్పు బ్రహ్మాండం అంటోంది. ఇది తప్పయితే నేను మిమ్మల్ని కాపాడలేను."

"నిన్ను కాపాడమని ఎవడడిగాడు? అచ్చెయ్యి."

ఆదివారం ఆఖరి మలుపు దాకా రాగి మబ్బు ముందే ఉంది. మలుపు తిరిగాక ఒక్కో గుర్రమూ దాన్ని దాటిపోయింది. పన్నెండింట్లో పదకొండోది. రేసు తర్వాత పరీక్షించి ముందు ఎడమకాలు కుంటుతోందని ప్రకటించారు. నా చుట్టూ జనం చీటీలు చింపి గాల్లోకి విసురుతుంటే, నేనొక్కణ్ణే మెట్ల మీద కూర్చుని వెక్కివెక్కి ఏడ్చాను. సంతోషంతోనే. ఎవరికైనా చెప్పాలనిపించింది. ఖ్వోక్ డబ్బంతా పోగొట్టుకుని అప్పటికే వెళ్ళిపోయాడు. ఇంటికి ఫోను చేస్తే ఎత్తేవాళ్ళు లేరు.

సోమవారం పత్రిక మొదటి పేజీలో నా బొమ్మ వేశారు. కింద పెద్ద అక్షరాలతో 'గుర్రం ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే మనిషి'. ఆఫీసువాళ్ళంతా నన్ను టీ భోజనానికి తీసుకెళ్ళారు. రొయ్యల కుడుములు, కోడికాళ్ళు, ఒకటే గోల. శ్యూ లేచి నిలబడి, "తోంగ్ అన్న చోటు ఇంకో రెండేళ్ళు ఎవడూ ముట్టుకోడు!" అని అరిచాడు. అందరూ బల్ల చరిచారు. ముప్ఫై ఒక్క ఏళ్ళలో నాకు అంతటి గౌరవం ఎప్పుడూ దక్కలేదు.

ఆ భోజనం ధర్మమా అని ఆ రోజు ఆఫీసుకి వెళ్ళకుండా, మామూలుకన్నా ముందే ఇంటిదారి పట్టాను. రైలు దిగి, రోడ్డు మీది వంతెన ఎక్కాను. రెండు కావస్తోంది. పైన గాలికి కాసేపు నిలబడి, కింద రోడ్డు దాటుతున్న జనాన్ని చూస్తూ పళ్ళు కుట్టుకుంటున్నాను. నా కళ్ళు ఊరికే ఉండవు కదా. నడిచేది ఏదైనా సరే, కాళ్ళే చూస్తాయి.

ఆకుపచ్చ దీపం వెలిగింది. గుంపులో ఒక ఆడమనిషి. బక్కపల్చగా ఉంది, వెనక నుంచి కనపడుతోంది. కుడి అడుగు కురచ. కాలు ఎత్తడం లేదు, ఈడుస్తోంది. ఎడమచెయ్యి ఊగుతోంది, కుడిచెయ్యి ఊగడం లేదు, ఒంటికి అతికించినట్టుంది. అవతలి గట్టు చేరి పక్కకు తిరగడానికి అందరికీ ఒక్క అడుగు పడితే ఆమెకి నాలుగు పడ్డాయి. ఇవాళ్టిదీ నిన్నటిదీ కాదు ఇది, కనీసం ఏడాదిది, అనుకున్నాను. పాపం, ఇంట్లోవాళ్ళు ఎవరూ చూసుకోరేమో అని కూడా అనుకున్నాను.

అప్పుడు ఆమె బస్సు కోసం ఇటు తిరిగింది. ఛోయ్-హా.

పిలవలేదు. పిలిస్తే వినపడేంత దగ్గరే. బస్సు వచ్చి, ఆమె రెండు చేతులతో కమ్మీ పట్టుకుని ఎక్కి, బస్సు వెళ్ళిపోయేదాకా అలాగే నిలబడ్డాను.

ఇంటికెళ్ళి ఆ సీజను పుస్తకాలు తీసి దులిపాను. పేజీల మధ్య నుంచి క్యాలెండరు కాగితాలు రాలాయి. ఎలాగూ తేదీలు ఉన్నాయి. నాకు తెలిసిన పద్ధతి ఒకటే కనుక బల్ల మీద వరసగా పేర్చాను. సెప్టెంబరులో అక్షరం నా బొటనవేలి గోరంత ఉంది. అక్టోబరులో చిటికెన వేలి గోరంత. జనవరికి ఆవగింజలు. ఒక్కో కాగితంలోనే మొదటి మాట పెద్దగా మొదలై చివరికి సన్నబడిపోతోంది. ఏ గుర్రం గురించీ నా దగ్గర ఇంత సాక్ష్యం ఎప్పుడూ లేదు. అన్నీ నా చేతిలోనే ఉన్నాయి. రోజూ వేలితో తాకాను, పుస్తకంలో పెట్టాను, మూశాను. బయట పల్లకీల మోత, ఇంట్లో ఈగల మోత అంటారు. నా ఇంట్లో ఆ ఈగల మోతైనా వినిపించలేదు నాకు.

మర్నాడు మంగళవారం. ముప్ఫై ఒక్క ఏళ్ళలో మొదటిసారి నాలుగింటికి లేచి మైదానానికి వెళ్ళలేదు. ఎనిమిదింటికి ఛోయ్-హా కళ్ళు తెరిచేసరికి బల్ల దగ్గర కూర్చుని ఉన్నాను.

"ఏమైంది? వానొచ్చి ఆపేశారా?" అంది కిటికీ వైపు చూస్తూ. బయట ఎండ కాస్తోంది.

"నిన్న నిన్ను వంతెన మీంచి చూశాను."

ఆమె మెల్లగా లేచి వచ్చి బల్ల మీద కాగితాలు చూసింది. ఒక్కొక్కటే చూసింది.

"ఇవన్నీ దాచుకున్నావా?" ఆ గొంతులో ఏదో మెత్తదనం వినిపించి నాకు ప్రాణం పోయినంత పనైంది. అబద్ధం చెప్పొచ్చు. చెప్పలేకపోయాను.

"దాచలేదు. పేజీ గుర్తుకి పెట్టుకున్నా."

"అదే అనుకున్నా," అని నవ్వింది. ఆ నవ్వు మొహంలో సగమే వచ్చింది. అదీ నేను అప్పుడే చూశాను.

బిస్కెట్ల డబ్బాలోంచి ఆసుపత్రి కార్డు తీసి నా ముందు పెట్టింది. అక్టోబరు తేదీ. ఒక్కతే వెళ్ళింది. నాలుగుసార్లు వెళ్ళింది.

"వణుకుజబ్బట. వణుకు ఇంకా రాలేదు, వస్తుందట. కంగారేం లేదు, నిదానంగా ముదురుతుందన్నారు. పొద్దున ఒక మాత్ర, సాయంత్రం ఒకటి."

"నాకెందుకు చెప్పలేదే?"

"చెప్దామనే వచ్చా, ఆ మంగళవారం. నువ్వు తల ఎత్తలేదు."

"మళ్ళీ చెప్పొచ్చుగా! అరిచి చెప్పాల్సింది. పుస్తకాలు లాగి అవతల పారేయాల్సింది!"

ఆమె కార్డును మళ్ళీ డబ్బాలో పెట్టి మూత వేసుకుంది. మూత సరిగ్గా పడడానికి కాసేపు పట్టింది. నేను సాయానికి చెయ్యి చాపబోయి ఆగాను.

"కొట్లో పత్రిక వేయించుకుంటారు," అంది. "రోజూ నువ్వు రాసింది చదువుతా. ఎప్పట్నుంచో చదువుతున్నా, నీకు తెలీదులే. ఏవయ్యా, ఇన్నేళ్ళలో కాలు తేడా వచ్చినదాని గురించి నువ్వు రెండో మాట రాయగా నేను చూడలేదు."

అది గుర్రం, నువ్వు మనిషివి అని చెప్పాలి. అంత తేలికైన మాట. కానీ మనిషిగా ఆమెను ఆఖరిసారి ఎప్పుడు చూశానో గుర్తు తెచ్చుకోబోతే గుర్తు రాలేదు. బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాను. ఆమె ఓదార్చలేదు. లేచి వెళ్ళి టీకి నీళ్ళు పెట్టింది.

పదింటికి శ్యూ ఫోను. "అన్నా, మైదానంలో మీరు లేరట? రేపటి గుర్రాల మాటేంటి?"

"ఇవాళ నేను ఏ గుర్రాన్నీ చూడలేదు."

"పోనీ అంచనాగా ఏదో ఒకటి..."

"చూడనిది రాయను," అని పెట్టేశాను.

"ఉద్యోగం మానేస్తానని మాత్రం అనకు," అంది ఛోయ్-హా. "రోజంతా ఇంట్లో కూర్చుని నన్ను పరీక్షగా చూస్తానంటే ఊరుకోను. మాత్రలకి డబ్బు కూడా కావాలి."

మానలేదు. కాకపోతే ఆ తర్వాత ఆఫీసుకి వెళ్ళడం మానేశాను. మైదానం నుంచే ఫోనులో చెప్పేసి తొమ్మిదిన్నరకి ఇంటికి వచ్చేవాణ్ణి. శ్యూ సణిగాడు గానీ ఊరుకున్నాడు. అలా మాకు రోజుకు నాలుగు గంటలు దొరికాయి. మొదట్లో ఏం మాట్లాడుకోవాలో ఇద్దరికీ తెలిసేది కాదు. కుర్చీల్లో ఎదురెదురుగా కూర్చుని టీవీ పెట్టుకునేవాళ్ళం.

శ్యూ ఫోను చేసిన ఆ మంగళవారం మాత్రం టీ తాగాక ఆమె బజారుకు బయలుదేరింది. నేనూ వస్తానన్నాను. సరేనంది. లిఫ్టు దిగి, మెట్ల పక్క వాలుదారిలో నడుస్తున్నాం. నాకు తెలియకుండానే నాలుగడుగులు వెనకబడ్డాను. ఎండ బాగా ఉంది, అడుగు స్పష్టంగా కనపడుతోంది. మడమ నేలకి ఆనడం లేదు. మలుపులో మూడు చిన్న అడుగులు, ఒక ఆగడం.

"వెనక నుంచి చూడకు," అంది ఆమె తల తిప్పకుండా. "పక్కన నడువు."

వెళ్ళి పక్కన చేరాను. చేపల కొట్లవాళ్ళు నీళ్ళు చల్లుతున్నారు, కూరలమ్మే ఆమె ఎవరినో తిడుతోంది. ముందుకు చూస్తూ నడిచాను. పక్కన నడిచేవాడికి మనిషి అడుగు కనపడదు. కాలు సరిగ్గా పడుతోందో లేదో, ఎక్కడ తడబడుతుందో, ఏమీ తెలియడం లేదు నాకు. ఇన్నేళ్ళలో ఏమీ తెలియకుండా అలా ఎవరి పక్కనా నడిచి ఎరగను. అడుగడుక్కీ నా కాళ్ళు వెనక్కి తగ్గుదామనే చూస్తున్నాయి.

"ఈ సంచీ పట్టుకో," అంది ఛోయ్-హా.

అందుకున్నాను. ఖాళీ అయిన ఆమె కుడిచెయ్యి మా ఇద్దరి మధ్య ఊగకుండా వేలాడుతోంది. బజారు చివరిదాకా దాన్ని చూడకుండా, వెనకబడకుండా నడిచాను.